కబ్ద్‌లో ఎనిమిది మెట్లు

అక్కా,

ఇవాళ పొద్దున కుళాయి తిప్పితే నీళ్లు చల్లగా వచ్చాయి. మే నెల నుంచీ ఈ ఫ్లాట్‌లో ఏ కుళాయి తిప్పినా వేణ్ణీళ్లే కదా. చెయ్యి కింద పెట్టి అలాగే నిలబడిపోయాను, పక్క గదివాళ్లు తలుపు కొట్టేదాకా.

నువ్వు పోయి వచ్చే శుక్రవారానికి ఏడాది. ఇంకా ఆరు రోజులుంది. ఈ ఏడాదిలో నీకు రాయడం ఇదే మొదటిసారి. రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్నప్పుడల్లా నీ మాటే అడ్డొచ్చేది... "ఎదురుగా ఉన్నదానికి చీటీలు రాసి పెడతావేంటే? దేవుడు నీకు నోరిచ్చింది తినడానికేనా?"

ఇప్పుడు ఎదురుగా లేవు. రాయొచ్చనుకుంటున్నాను.

విషయం ముందే చెప్పేస్తాను. అమ్మ నన్ను బావకిచ్చి చేస్తానంటోంది.

శుక్రవారం నీ జ్ఞాపకార్థ కూటం. ఆరాధన అయ్యాక చర్చి వెనక హాల్లో పెట్టారు. ప్రార్థన, రెండు పాటలు, సాక్ష్యాలు, తర్వాత భోజనం. భోజనానికి లేచే ముందు మా ఇద్దరి ప్రధానం సంగతి అందరికీ చెప్పెయ్యమని అమ్మ పాలకొల్లు నుంచి పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసింది. ఏడాది నిండితే చాలంట. అక్క పోతే చెల్లెల్నివ్వడం మనవాళ్లలో కొత్తా అని అడుగుతోంది. కొత్త కాదు. మన పెద్దత్త పోతే చిన్నత్తనే ఇచ్చారు. చిన్నత్త ఆ ఇంట్లో బాగానే బతికింది. కాదనలేను.

అమ్మ అసలు కారణం అది కాదని నీకు చెప్పక్కర్లేదు. కరుణ చెల్లెలే అతన్ని చేసుకుందంటే ఇంక ఎవరూ నోరెత్తరంట.

నిజమే, ఎత్తరు. నేను సరే అంటే బావ ఏ తప్పూ చెయ్యలేదని అర్థం. వద్దంటే చేశాడని అర్థం. పోలీసులు తేల్చింది చాలక ఇప్పుడు నా పెళ్లితో ఇంకోసారి తేలుద్దామని చూస్తున్నారు. శుక్రవారంలోపు నేను జవాబు చెప్పాలి.

జనం ఏమంటున్నారో నీకు తెలియదు కదా. చెప్తాను. నీకు కోపం వస్తుందో, నవ్వొస్తుందో...

బావ ఇక్కడికి డ్రైవర్‌గా వచ్చాడని నువ్వే చెప్పావు. నేను కువైట్ వచ్చేసరికి జహ్రాలో ఆ పెద్దింటికి అతనే మందూబ్. పనివాళ్ల ఇఖామా పర్మిట్లు, లైసెన్సులు, ఆఫీసుల్లో సంతకాలు, ఎయిర్‌పోర్ట్ పనులు, అన్నీ అతని చేతి మీదే. యజమాని బాబా ఇంటి తాళాలు కూడా అతని జేబులోనే ఉండేవి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఉండాలి కాబట్టి గేటు పక్క గదిలో పడుకునేవాడు. నిన్నేమో కబ్ద్‌లో బాబా తోటకి పంపారు. వంట, ఇల్లు, సెలవులకి వచ్చే చుట్టాల పని. మొదట్లో బావ వారం వారం వచ్చేవాడు. తర్వాత రెండు వారాలకి. తర్వాత... నువ్వే లెక్క చెప్పేదానివి, "మీ బావకి వారానికి ఏడు రోజులూ బాబా, ఎనిమిదో రోజు నేను" అని.

నవ్వుతూనే అనేదానివి. ఆ నవ్వు నమ్మాలా వద్దా అని అప్పట్లో ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఈ కబ్ద్‌లో మనుషులకంటే గొర్రెలకే చుట్టాలెక్కువే చిన్నీ" అనేదానివి. స్కూల్ లైబ్రరీలో నా పని గురువారం మధ్యాహ్నానికి అయిపోతే, మనవాళ్లంతా ఉండే అబ్బాసియా నుంచి బస్సు మారి, రోడ్డు దగ్గరకొచ్చిన తోట డ్రైవర్ ఖాదర్ భాయ్ వ్యాన్ ఎక్కి నీ దగ్గరకొచ్చేదాన్ని. నువ్వు చేపల పులుసు చేసి ఉంచేదానివి. నేను తింటూ చదువుకునేదాన్ని. నువ్వు పుస్తకం లాక్కునేదానివి. "నువ్వు పుస్తకంలో తల పెడితే ఇల్లు కూలినా తెలీదు నీకు."

నన్ను కాన్వెంట్‌లో వేసింది నువ్వు. పుస్తకాలు అలవాటు చేసింది సిస్టర్లు. దెబ్బలాట మాత్రం నాతోనే.

ఆ శుక్రవారం గురించి ఒక వరసలో ఎప్పుడూ రాసుకోలేదు. ఇప్పుడు రాస్తాను.

ఆ రోజు చర్చిలో కోత పండుగ. గుమ్మడికాయలు, కోళ్లు, కేకులు, అరటిగెలలు తెచ్చి దేవుడికిచ్చి వేలం వేస్తారు. నువ్వు ఏటా వెళ్లేదానివి. వేలంలో నీ గొంతే అందరికంటే పెద్దగా వినిపించేదని అయ్యగారు ఇప్పటికీ అంటారు. ఆ ఏడు మాత్రం రానన్నావు. తోటలో అందర్నీ మాత్రం వెళ్లమన్నావు. అందరూ అంటే ఎవరు... నేను, ఖాదర్ భాయ్, నీతో వంట పని చేసే రాజమ్మ. అంతే. ఖాదర్ భాయ్‌ది రాయచోటి. ఆయనకీ మన చర్చికీ సంబంధం లేదు, వ్యాన్ తోలడానికి రమ్మన్నావు. గొర్రెలు చూసే బంగ్లా కుర్రాళ్లిద్దరూ శుక్రవారం సిటీకి ఎలాగూ వెళ్తారు.

రాజమ్మ ఒప్పుకోలేదు. ఆవిడది కడప పక్క పల్లె. మీ దేవుడి పండగలో నాకేం పనుంది తల్లీ, నేనీడే పడుంటా అంది. ఉల్లిపాయలు తరగాలంది, మోకాళ్లు నొప్పంది. నీకు కోపం వచ్చింది. నిన్ను అంత కోపంగా నేను చూడలేదు.

"గుమ్మడికాయ పాడుకో, కేకు తిను, ఊరికే కూర్చో, ఏమన్నా చెయ్యి. ఇవాళ ఈ ఇంట్లో నేను తప్ప పురుగు కూడా ఉండకూడదు. నాకూ ఒక్క రోజు ఇల్లు ఖాళీగా కావాలి. యల్లా, లెగు!"

ఆ మాట రాజమ్మ పోలీసులకి చెప్పింది. తర్వాత అబ్బాసియాలో సగం మందికి చెప్పింది.

నువ్వు వెంటనే మామూలైపోయావు. మెట్లెక్కి నీ గదిలోకి వెళ్లావు. మేము బయల్దేరేటప్పుడు కిటికీలోంచి చెయ్యూపావు. నాతో ఒక్క మాట అన్నావు... "వేలంలో చెయ్యెత్తు చిన్నీ. ఎత్తితే ఊడిపోదు."

ఎత్తాను అక్కా. ఒకే ఒక్కసారి. ఒక గుమ్మడికాయకి. పోటీకి ఎవరూ రాలేదు. అయ్యగారు మైకులో నా పేరు చెప్పారు. ఆ సంగతి చెబుదామని వెంటనే బయటికొచ్చి నీకు ఫోన్ చేశాను. అప్పుడు తొమ్మిదిన్నర. నువ్వు ఎత్తలేదు. స్నానం చేస్తున్నావనుకున్నాను.

మూడింటికి తిరిగొచ్చాం. రాజమ్మ ముందు లోపలికెళ్లింది. నా చేతిలో గుమ్మడికాయ ఉంది.

నువ్వు ఆఖరి మెట్టు దగ్గర ఉన్నావు. తల మీద చున్నీ వేసుకున్నది వేసుకున్నట్టే ఉంది. మెడ ఒక్కటే సరిగా లేదు. ఎనిమిది మెట్లు అక్కా... నీ గది సగం నేలలోకి దిగిన స్టోరు పైన కట్టినది కాబట్టి, నిండా ఒక మనిషి ఎత్తు కూడా లేదు. అంత చిన్న ఎత్తు నుంచి పడి ఎవరైనా పోతారా?

అందరూ అదే అడిగారు.

ఖాదర్ భాయ్ బావకి ఫోన్ చేశాడు. బావ అరవలేదు, ఏడవలేదంట. ఎవరూ ఏమీ ముట్టుకోవద్దు, ముందు పోలీసుల్ని పిలవండి అన్నాడంట. అతను వచ్చేసరికి పోలీసులు వచ్చి గంటయింది. పెళ్లాం చచ్చి పడుంటే ముందు పోలీసులు గుర్తొచ్చారా అని జనం మొదట పట్టుకున్నది ఆ మాటనే. నాకూ ఆ రోజు అలాగే అనిపించింది. ఇప్పుడు... తప్పు లేదని చూపించుకోవాల్సినవాడు అదే చేస్తాడు. తప్పు దాచాల్సినవాడూ అదే చేస్తాడు. ఏం తెలుస్తుంది?

రాజమ్మ పట్టుకున్నది చున్నీని. పడినామె చున్నీ అట్లుంటాదా, ఎవురో పండబెట్టినట్టుంది అంటుంది. ఆవిడకి నీ మీద ప్రేమ ఉంది. కానీ ఆ మాట అనేటప్పుడు ప్రతిసారీ కొంచెం గొంతు పెంచుతుంది.

పోలీసులు నాలుగు రోజులు తిరిగారు. నన్ను రెండుసార్లు పిలిచారు. బావ ఆ పొద్దున ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నాడు, మామా, అదే బాబా భార్య, ఆవిడ చెల్లెలు లండన్ నుంచి వస్తే తీసుకురావడానికి. కెమెరాల్లో కనపడ్డాడు. బయటివాళ్లెవరూ తోటకి వచ్చిన గుర్తులు లేవు. అనుకోకుండా జారి పడి మరణం అని కాగితం ఇచ్చారు. కేసు ఖలాస్.

ఆ కాగితం బావే చదివి చెప్పాడు. నేను దాని ఫోటో తీసుకెళ్లి మా స్కూల్ అరబ్బీ మేష్టారితో మళ్లీ చదివించుకున్నాను. బావ చెప్పినట్టే ఉంది. ఒక్క ముక్క తేడా లేదు. అలా చదివించుకున్నానని ఎవరికీ చెప్పలేదు.

నిన్ను ఊరికి తీసుకెళ్లింది నేనే. బావ కార్గో దగ్గర సంతకాలు పెట్టి, పెట్టె లోపలికెళ్లేదాకా నిలబడి వెళ్లిపోయాడు. హైదరాబాద్‌లో అంబులెన్స్ ఎక్కించాం. దారంతా డ్రైవర్ పాటలు పెట్టకుండా తోలాడు. సమాధుల తోటలో నాన్న పక్కనే పెట్టారు నిన్ను. మట్టి వెయ్యడానికి మొగుడు రాలేదేం అని ఊరంతా అడిగింది. బాబా పని వదలడానికి మనసొప్పలేదంటగా అన్నారు. అక్కడెవరో ఉందంటగా అన్నారు. ఎవరో నర్సంట. ఆవిడ పేరు ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేకపోయారు.

నేనేమీ అనలేదు. అంటే, అతను మంచివాడనీ అనలేదు, చెడ్డవాడనీ అనలేదు.

నువ్వే దూకావని అన్నవాళ్లూ ఉన్నారు. అది ఎక్కువగా ఆడవాళ్లు అన్నారు, నెమ్మదిగా. నీ రొమ్ములో గడ్డ సంగతి రాజమ్మకి తెలుసంట. నాకెందుకు చెప్పలేదు? నువ్వు మోకాళ్ల మీద కూర్చుని, ఈ నిరాశలోంచి నన్ను బయటికి తియ్యి ప్రభువా అని ఏడుస్తూ ప్రార్థన చెయ్యడం రెండుసార్లు విందంట. నేను గురువారాలు వచ్చినప్పుడు నువ్వు ఎప్పుడూ అలా లేవు. పులుసులో చింతపండు ఎక్కువైందా అని అడిగేదానివి. నేను పుస్తకంలోంచి తలెత్తకుండా లేదని చెప్పేదాన్ని.

హాస్పిటల్ రిపోర్టు నువ్వు పోయిన నాలుగో రోజు నీ ఫోన్‌కి వచ్చింది. ఫోన్ నా దగ్గరే ఉంది. గడ్డలో ఏమీ లేదంట. ఆరు నెలలకి మళ్లీ ఒకసారి వచ్చి చూపించుకోమని ఉంది.

దూకావని నేను నమ్మను. అందుకు నా దగ్గర ఒకటే ఆధారం ఉంది. చిన్నది.

డిసెంబర్ మొదట్లో, నేను ఊరి నుంచి వచ్చాక, అబ్బాసియా టైలర్ నీ నంబర్‌కి ఫోన్ చేశాడు. ఆకుపచ్చ జాకెట్టు కుట్టేసి నెలవుతోందంట, తీసుకెళ్లమన్నాడు. వెళ్లాను. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ అతని ఫోన్‌లో ఉంటే వినిపించాడు. ఆ శుక్రవారం ఎనిమిదీ ఇరవైకి పంపావు. మేము బయల్దేరి ఇరవై నిమిషాలే అయింది. నీ హిందీ ఎప్పటిలాగే ఉంది. మెడ ముందువైపు వెడల్పు తగ్గించమన్నావు, వెనక తాళ్లు పెట్టమన్నావు. చివర్న తెలుగులోకి దిగిపోయావు... "క్రిస్మస్‌కి కట్టుకోవాలి భయ్యా, ఆలస్యం చేశావో నీ మిషన్ ఎత్తుకుపోతాను."

అతనికి తెలుగు రాదు. ఏమంది అని నన్నడిగాడు. నేను మాట మార్చేశాను.

జాకెట్టు నా పెట్టెలో ఉంది. తాళ్లు పెట్టాడు.

మరి అందర్నీ ఎందుకు పంపించేశావు? ఇది నాకు పది నెలలకు పైగా తెలియలేదు.

మా లైబ్రరీలో పిల్లల కోసం రాసిన ఇంగ్లండ్ చరిత్ర పుస్తకం ఒకటుంది. జనవరిలో అట్ట వేస్తుంటే ఒక పేజీ దగ్గర ఆగాను. నాలుగు వందల ఏళ్లు దాటిన సంగతి. రాణిగారికి బాగా కావలసిన ప్రభువు ఒకాయన. ఆయన కొలువులో ఉంటాడు, భార్య దూరంగా పల్లెలో వేరే ఇంట్లో ఉంటుంది. ఒక సంత రోజున ఆవిడ పనివాళ్లందర్నీ పట్టుబట్టి సంతకి పంపించేస్తుంది. వాళ్లు తిరిగొచ్చేసరికి మెట్ల కింద చనిపోయి ఉంటుంది. విచారణ చేసినవాళ్లు ప్రమాదమన్నారు. ప్రజలు ఆయనే చేయించాడన్నారు. రాణి ఆయన్ని పెళ్లాడలేకపోయింది. ఆయన బతికినన్నాళ్లూ ఆ మాట ఆయన వెనకే తిరిగింది. పుస్తకంలో ఇంతే, అర పేజీ. కింద పిల్లలకి అభ్యాసం ఇచ్చారు... ఏం జరిగి ఉంటుంది? మీ అభిప్రాయం ఐదు వాక్యాల్లో రాయండి.

అట్ట వేసేసి పుస్తకం అరలో పెట్టేశాను. ఆ ఐదు వాక్యాలు మాత్రం అప్పటి నుంచీ రాసుకుంటూనే ఉన్నాను, మనసులో.

ఆ ఇంట్లో పనివాళ్ల గురించి ఎక్కువ రాయలేదు. సంత నుంచి తిరిగొచ్చినవాళ్లు ఆ తర్వాత ఎలా బతికారో... ఎవరికీ అక్కర్లేదు కాబోలు.

సెప్టెంబర్ చివర్లో బావ ఇక్కడికొచ్చాడు, అయ్యగార్ని వెంటబెట్టుకుని. నేను ఒంటరిగా ఉండే చోటికి ఒక్కడే రాకూడదని. సోఫా అంచున కూర్చున్నాడు. చిక్కిపోయాడు. ఒకప్పుడు అతనొచ్చిన గంట తర్వాత కూడా గదిలో అత్తరు వాసన ఉండేది, గుర్తుందా? ఇప్పుడు గొర్రెల వాసన వస్తోంది.

బాబా అతన్ని తీసెయ్యలేదు. ఏమీ అనలేదు కూడా. ఇంటి తాళాలు మాత్రం అడిగి తీసుకున్నాడంట. ఎయిర్‌పోర్ట్‌కి పంపడం మానేశారు. మామా అతను ఎదురొస్తే లోపలికెళ్లిపోతుందంట. ఇప్పుడు జహ్రాలో వేరే మందూబ్ ఉన్నాడు. బావ కబ్ద్‌లో ఉంటున్నాడు, నీ గదిలోనే. రోజూ ఆ మెట్లే ఎక్కి దిగుతాడు.

అయ్యగారు బాల్కనీలోకి ఫోన్ మాట్లాడ్డానికి వెళ్లినప్పుడు బావ మూడు సంగతులు చెప్పాడు.

ఒకటి, నీ పెట్టెతో రాకపోవడానికి కారణం. పోలీసులు కాగితం ఇచ్చినా, కోర్టులో కేసు పూర్తిగా మూసేదాకా దేశం దాటొద్దని అతని పేరు ఆపి ఉంచారంట. ఆ మాట బయటికొస్తే ఇంకా ఏమంటారోనని పని ఉందని చెప్పాడంట.

రెండు, ఆ శుక్రవారం సంగతి. ఆ రోజు వస్తానని గురువారం సాయంత్రం నీకు ఫోన్ చేసి చెప్పాడంట. పగలంతా నీ దగ్గరే ఉంటానన్నాడంట, ఎన్నో నెలల తర్వాత. తెల్లవారుజామున మామా ఎయిర్‌పోర్ట్‌కి పంపింది. అది అవగానే వద్దామని నీకు చెప్పలేదంట, తర్వాత మామా మధ్యాహ్నందాకా వదల్లేదంట.

అందుకా అక్కా ఇల్లు ఖాళీ చేయించావు? దీనికా రాజమ్మని అంతలేసి మాటలన్నావు? నాతో చెప్పడానికి సిగ్గుపడ్డావా? రోడ్డు మీద ఏదో కారు హారన్ వినపడితే బావే అనుకుని గబగబా దిగావా...

అక్కడ ఆగిపోతాను ఎప్పుడూ.

మూడోది చెప్పడం కాదు, అడగడం. ఈ పెళ్లి మాట తనది కాదన్నాడు, అమ్మదన్నాడు. నేను వద్దంటే అమ్మకి తనే నచ్చజెబుతానన్నాడు. ఒక్కటి మాత్రం తెలియాలన్నాడు. అందరూ అనుకుంటున్నట్టే నువ్వూ అనుకుంటున్నావా అమ్మా అని అడిగాడు. నన్ను అతను అమ్మా అని పిలవడం అదే మొదలు.

నాకు జవాబు తెలుసు. ఆ క్షణంలో కూడా తెలుసు. కానీ నేను తల దించుకుని గచ్చు వంక చూస్తూ కూర్చున్నాను. అయ్యగారు ఫోన్ పెట్టేసి లోపలికొచ్చారు. బావ లేచి చెప్పులేసుకున్నాడు. నేను మాట్లాడకపోవడమే నా జవాబనుకున్నాడు. అనుకోడా మరి?

నేను చాలా పుస్తకాలు చదివాను అక్కా. ఎవరిదో తప్పని తేలితే ఇంకెవరికో బరువు తగ్గుతుందని వాటిల్లో ఉంటుంది. ఈ ఏడాదంతా నేను చేసింది అదే. బావదే తప్పయితే బాగుండునని కోరుకుంటూ, నోరు విప్పకుండా కూర్చున్నాను. రాజమ్మ చున్నీ గురించి చెప్తుంటే ఆపలేదు. ఊళ్లో నర్సు గురించి మాట్లాడుకుంటుంటే టీ గ్లాసులు అందించాను. నిన్న మళ్లీ అమ్మ ఫోన్ చేసి, అతను అలాంటివాడైతే నువ్వే చెప్పెయ్యి, ఈ మాట ఇక్కడితో వదిలేస్తాను అంది. అప్పుడు కూడా, ఆలోచిస్తానమ్మా అన్నాను.

ఆలోచించాను.

శుక్రవారం సాక్ష్యాల సమయంలో నేను లేస్తాను. ఆ హాల్లో నేను ఒక్కసారి కూడా లేవలేదని నీకు తెలుసు. "ఏమే, ప్రభువు అందరికీ మేలు చేసి నిన్నొక్కదాన్నే వదిలేశాడా?" అని పక్కనుంచి మోచేత్తో పొడిచేదానివి. ఈసారి పొడిచేవాళ్లు లేరు. అమ్మ వీడియో కాల్‌లో ఉంటుంది. రాజమ్మ వస్తానంది. ఖాదర్ భాయ్ తీసుకొస్తాడు. బావ వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చుంటాడు, ఈ మధ్య అక్కడే కూర్చుంటున్నాడు.

రెండు మాటలు చెప్పి కూర్చుంటాను. బావని చేసుకోనన్నది ఒకటి. అది అతని మీద అనుమానంతో కాదని కూడా చెప్తాను. అతను నన్నడిగిన దానికి జవాబు అందరి ముందూ చెప్తాను.

రెండో మాట వేరే ఉంది. అది విన్నాక వాళ్లు నా వంక ఎలా చూస్తారో, అమ్మ ఫోన్ పెట్టేస్తుందో లేదో తెలియదు. ఏమైనా సరే, చెప్పేస్తాను. మాటిస్తున్నాను అక్కా. కానీ వాళ్లకంటే ముందు నీకు చెప్పాలి కదా. పోలీసులు అడిగిన వాటన్నిటికీ నేను నిజమే చెప్పాను. ఇది వాళ్లు అడగలేదు.

ఆ పొద్దున నువ్వు పైకి వెళ్లాక, రాజమ్మ చీర మార్చుకుంటుంటే, మెట్లు కడిగింది నేను. పై మెట్టు నుంచి కిందిదాకా సబ్బునీళ్లు పోసి చీపురుతో రుద్దాను. ఖాదర్ భాయ్ హారన్ కొడుతున్నాడు. నీళ్లు తుడవకుండానే వెళ్లి వ్యాన్ ఎక్కాను.